గోదావరి డెల్టాలో కొలతల దారి

డెల్టా సంపద గురించి రాసేవాళ్ళు సాధారణంగా పచ్చదనంతో మొదలుపెడతారు. కొబ్బరితోటలు, కాలువగట్లు, విస్తరి నిండా వంటకాలు, మాటకు ముందూ వెనకా మర్యాద. అవన్నీ ఉన్నమాట నిజమే. కానీ ఈ ఊళ్ళలో మేడలు, ఇంటికో కారు, సందుకో బంగారం దుకాణం ఎలా వచ్చాయని అడిగితే "అంతా గోదావరి తల్లి దయ" అని చెప్పే జవాబు నాకెప్పుడూ సగమే అనిపిస్తుంది. ధవళేశ్వరం ఆనకట్టకు ముందు కూడా గోదావరి నిండుగానే పారింది. అయినా 1833 కరువులో జనం ఈ ఒడ్డునే ఆకలితో పోయారు. 1821కీ 1841కీ మధ్య జిల్లా జనాభా ఏడు లక్షల పైచిలుకు నుంచి ఐదున్నర లక్షల దరిదాపుకు పడిపోయింది. మిగతా సగం జవాబు కోసం అక్టోబరు మొదటి వారంలో బయలుదేరాను. దసరా రద్దీ ఇంకా మొదలుకాలేదు, పులస కాలం అయిపోయింది. అందువల్ల హోటల్ గదులు సులువుగానే దొరికాయి.

బుధవారం, ధవళేశ్వరం

రాజమహేంద్రవరంలో రైలు దిగి, టిఫిను కానిచ్చుకుని, ఆటోలో ధవళేశ్వరం బయలుదేరాను. అపార్టుమెంట్లు, ఫంక్షన్ హాళ్ళు, షోరూములు కలిసిపోయి నగరం ఎక్కడ అయిపోయిందో ఈ ఊరు ఎక్కడ మొదలైందో తెలియదు. నది కనిపించే బాల్కనీ ఉంటే ఫ్లాటు ధర వేరట. వరదలప్పుడు భయం లేదా అని అడిగాను. "గట్టు ఉంది కదండీ. పైగా అంకె ముందే తెలిసిపోతుంది" అన్నాడు ఆటో అతను.

ఆ అంకె 11.75. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం పదకొండు ముప్పావు అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులు. భద్రాచలం మట్టాన్ని బట్టి ఇక్కడ ఎంత నీరు ఎప్పుడు వస్తుందో డెల్టాలో చదువు రానివాళ్ళు కూడా లెక్క కట్టగలరు. నది మధ్యనున్న లంక గ్రామాల్లో పశువులను గట్టెక్కించేది ఈ లెక్క మీదే. 1986 ఆగస్టు వరదలో దాదాపు 35 లక్షల క్యూసెక్కులు ఇక్కడి నుంచి దిగువకు పోయాయి. మూడో హెచ్చరిక నాటి ప్రవాహం సుమారు 17 లక్షలే అని గుర్తుంచుకుంటే ఆ రోజు ఏం జరిగిందో ఊహించవచ్చు. పెద్దవాళ్ళు ఇప్పటికీ వయసులు, పెళ్ళిళ్ళు "ఎనభై ఆరు వరదకు ముందు", "ఆ తర్వాత" అని చెబుతారు.

బ్యారేజీ మీద నడవడానికి పొద్దుటి పూట మంచిది. ఎండ ముదిరితే కాంక్రీటు వేడి, లారీల దుమ్ము. మొత్తం 175 గేట్లు, నాలుగు భాగాలుగా: ధవళేశ్వరం వైపు 70, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39. మధ్యలో లంకలు. ఇది 1970లో మొదలై 1982కు పూర్తయిన కట్టడం. దీనికి ముందున్నది బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట, 1847లో మొదలుపెట్టి 1852లో ముగించినది.

ఈ చోటే ఎందుకన్నది నన్ను ఎప్పుడూ ఆకర్షించే విషయం. డెల్టాలో నది పల్లంలో పారదు, మెరకలో పారుతుంది. వేల ఏళ్ళుగా తెచ్చిన ఒండ్రును రెండు పక్కలా పోసుకుని తన ఒడ్డును తానే ఎత్తు చేసుకుంది. పాయల మధ్య నేల పల్లం. కాబట్టి డెల్టా తలదగ్గర నీటిని కొన్ని అడుగులు నిలబెడితే చాలు, మెరక వెంబడి తవ్విన కాలువల్లో అది తనంతట తాను సముద్రం దాకా పోతుంది. పొలాల్లో మిగిలిన నీరు పల్లంలోని మురుగుకాలువల్లోకి దిగుతుంది. గౌతమి, వసిష్ఠ పాయలు విడిపోయేది ధవళేశ్వరం దిగువనే. అందుకే ఇక్కడ.

మరి పునాది? రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. తంజావూరు ప్రాంతంలో పనిచేసినప్పుడు కాటన్ కావేరి మీది కల్లణైని చూశాడు. ఇసుక మీద కట్టి కూడా శతాబ్దాలు నిలిచిన కట్టడం అది. ఆ ధైర్యంతోనే ఇక్కడ ఇసుకలోకి బావులు దింపి, వాటి మీద గోడ లేపి, వెనక బండరాళ్ళు పరిపించాడు. లంకలను వదిలేసి భాగాలన్నీ కలిపితే ఆనకట్ట పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. దాన్ని మోయడానికి 1840లలోనే పట్టాలు వేశారు. బొంబాయి, ఠాణాల మధ్య ప్రయాణికుల రైలు నడిచింది 1853లో. మన దేశంలో తొలి పట్టాల కథ చెప్పేటప్పుడు ధవళేశ్వరం పేరు అరుదుగా వినిపించడం నాకు కాస్త చిరాకు.

కాటన్ ఉన్న బంగళా ఆవరణలోనే మ్యూజియం. పాత యంత్రాలు, పటాలు, నమూనాలు. స్కూలు పిల్లలు గుంపులుగా వచ్చి నమూనా ఆనకట్ట దగ్గర తోసుకుంటున్నారు. నేను వెతికింది వీణం వీరన్న పేరు కోసం. కూలీలను కూడగట్టి, వాళ్ళ భాషలో పని చెప్పి, కాటన్ ప్రణాళికను నేల మీదికి తెచ్చిన మనిషి ఆయన. తర్వాత రాయ్ బహదూర్ అయ్యాడు. ఊరూరా గుర్రమెక్కిన కాటన్ విగ్రహాలున్నాయి, గోదావరి స్నానాల సంకల్పంలో ఆయన పేరు కలిపి చెప్పే పురోహితులూ ఉన్నారు. దొరకు దండ వేయడంలో నాకే అభ్యంతరమూ లేదు. అయితే విగ్రహాల లెక్క చూస్తే ఆయన ఒక్కడే ఇసుకలో దిగి రాళ్ళు పేర్చాడనిపిస్తుంది.

సాయంత్రం తూర్పు కాలువ తలుపుల దగ్గర ఒక లస్కరుతో మాట పడింది. తలుపులు ఎత్తడం, దించడం, మట్టం రాసి పైవాళ్ళకు చెప్పడం ఆయన పని. రాత్రి ఏ వేళకైనా లేచి మట్టం చూడాలి. వరద రోజుల్లో గంటగంటకూ చూడాలి.

"విసుగు రాదా?" అని అడిగాను.

"విసుగొస్తే కింద పొలం ఎండుతుందండీ, లేదా మునుగుతుంది. రెండూ మన మెడకే" అని నవ్వాడు.

గురువారం, విజ్జేశ్వరం మీదుగా తణుకు

కడియం నర్సరీలు ఈసారి చూడకుండా వదిలేశాను. అంట్లు కట్టే చేతులను చూస్తూ కూర్చుంటే ఒక రోజు పోతుంది. బొబ్బర్లంక మీదుగా బ్యారేజీ దాటి విజ్జేశ్వరం చేరాను. మధ్య డెల్టాకు నీరు బొబ్బర్లంక నుంచి, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం నుంచి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కలిపి పది లక్షల ఎకరాల పైన ఆయకట్టు.

నిడదవోలు వైపు కాలువ వెంట ప్రయాణం హాయిగా సాగింది. సార్వా (ఖరీఫ్) వరి ఈనుతున్న సమయం. గట్టు మీద నుంచి చూస్తే మడులన్నీ ఒకే మట్టంలో ఉన్నట్టుంటాయి. కాలువ నీరు ఎకరం తర్వాత ఎకరానికి ఎక్కేది మాత్రం అంగుళాల తేడాతో. ఒకప్పుడు ఈ కాలువల్లో పడవలు సరుకుతో మద్రాసు దాకా పోయేవి. పడవల కోసం కట్టిన లాకులు చాలాచోట్ల పనిచేయడం మానేశాయి. టీ కొట్టుకు, ఆటో స్టాండుకు "లాకుల దగ్గర" అనే గుర్తుగా మిగిలాయి. ఏటా వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు. అప్పుడు పూడిక నిజంగా ఎంత తీశారన్నది రైతులకు, అధికారులకు మధ్య తెగని వాదం. ఈసారి చూసినంతలో రైతుల పక్షమే సబబుగా తోచింది. గుర్రపుడెక్క మురుగుకాలువలను తివాచీలా కప్పేసి ఉంది. నీరు రావడానికి పెట్టిన శ్రద్ధ నీరు పోవడానికి పెట్టకపోవడం డెల్టా పాత జబ్బు.

తణుకులో మా మేనత్త గారిల్లు. మావయ్య రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు. భోజనాల దగ్గరే మొదలుపెట్టారు. "ఏరా, ధవళేశ్వరం, మార్టేరు అని తిరుగుతున్నావు. రాకెట్ ఇంధనం ఊరికి వచ్చి అన్నం తిని పోతావా?"

ఆ మాట నిజమే. తణుకు అంటే మిల్లులు, వ్యాపారం, సంపన్న కుటుంబాలు అనుకుంటాం. ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ 1947లో ఇక్కడ ఆంధ్రా షుగర్స్ స్థాపించారు. చెరకు నుంచి పంచదార, మడ్డి నుంచి ఆల్కహాలు, అక్కడి నుంచి రసాయనాలు, ఆస్పిరిన్. ఆ దారిలోనే ఇస్రోకు కావలసిన ద్రవ ఇంధనం యు.డి.ఎం.హెచ్. తయారీ కూడా వచ్చింది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ రెండో దశలో ఉండే వికాస్ ఇంజన్ దీన్ని మరికాస్త హైడ్రజీన్ హైడ్రేట్‌తో కలిపి వాడుతుంది. రెండో ట్యాంకులో ఆ ఇంధనాన్ని మండించే నైట్రోజన్ టెట్రాక్సైడ్. "నిప్పు పుల్ల అక్కర్లేదురా. రెండూ తగిలితే చాలు, అంటుకుంటాయి. అందుకే పైన ఆకాశంలో నమ్మకంగా వెలుగుతుంది, అందుకే కింద నేల మీద అంత ప్రమాదం" అన్నారు మావయ్య. చంద్రయాన్-3ను మోసిన రాకెట్ మధ్య దశలోనూ రెండు వికాస్ ఇంజన్లే ఉన్నాయి. "టీవీలో శ్రీహరికోట చూపిస్తారు, బెంగళూరు చూపిస్తారు. మధ్యలో తణుకు మాట ఎవడూ ఎత్తడు" అని ఆయన ఫిర్యాదు. అత్తయ్య మాత్రం "ముందు పెరుగు వేసుకోండి" అని ఆ విషయం ముగించింది.

సాయంత్రం ఊరు చుట్టి వచ్చాం. వెడల్పాటి వీధులు, పాలరాతి మెట్ల ఇళ్ళు, పిల్లలు అమెరికాలో ఉన్నందువల్ల తాళాలు వేసిన మేడలు. ఒక మేడకు నాలుగు ఏసీలున్నాయి, లోపల ఒక ముసలావిడ ఒంటరిగా ఉంటున్నారు. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు.

శుక్రవారం, మార్టేరు

పెనుగొండ దాటగానే మార్టేరు. పైకి మామూలు ఊరు: కూడలి, ఎరువుల కొట్లు, ఇడ్లీ బండ్లు. ఇక్కడి వరి పరిశోధనా కేంద్రం మొదలైంది 1925లో. ఇప్పుడు ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉంది. ఎం.టి.యు. అని మొదలయ్యే ప్రతి వరి రకమూ ఈ ఊరి పేరే మోస్తుంది. ఎం.టి.యు. 7029 అంటే స్వర్ణ. వసిష్ఠ అనే రకాన్నీ మసూరినీ కలిపి తీసినది, 1982లో విడుదలైంది. ఎరువు తక్కువైనా పండడం, గింజ నిలకడ చూసి ఆంధ్రతో ఆగకుండా ఒడిశా, బెంగాల్, ఛత్తీస్‌గఢ్, బీహార్ రైతులు దాన్ని పట్టుకున్నారు. సరిహద్దు దాటి బంగ్లాదేశ్‌కూ పోయింది. దేశంలో అత్యధికంగా సాగైన వరి రకాల్లో అదొకటి. ఆ సంగతి చెప్పే బోర్డు ఈ కూడలిలో నాకు కనిపించలేదు.

ముందే అనుమతి తీసుకోవడంతో ఒక శాస్త్రవేత్త మేడమ్ పొద్దున్నే పొలంలోకి తీసుకెళ్ళారు. వరిని సంకరం చేసే పని చూడాలన్నది నా కోరిక. వరి తనలో తానే ఫలదీకరణం చెందే మొక్క. పువ్వు విచ్చుకునేది పొద్దున తొమ్మిది, పన్నెండు మధ్య, గంటో రెండు గంటలో. ఒక్కో పువ్వులో ఆరు కేసరాలు. పువ్వు విచ్చుకోకముందే చిన్న కత్తెరతో పొట్టు పైభాగం వాలుగా కత్తిరించి, ఆరింటినీ తీసేయాలి. ఒక్కటి మిగిలినా శ్రమంతా వృథా. తర్వాత ఆ వెన్నుకు పల్చని కాగితపు సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున రెండో రకం వెన్ను తెచ్చి, దాని పుప్పొడి ఈ పువ్వుల మీద దులుపుతారు. తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసి చీటీ కడతారు.

ఆ పని చేస్తున్నవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు. బురదలో వంగి, కళ్ళు చికిలించి, ఒక్కో పువ్వునూ కత్తిరిస్తున్నారు. ఒకావిడ చేతివేగం చూసి నోట మాట రాలేదు. ఎన్నాళ్ళుగా చేస్తున్నారని అడిగితే, "మా అత్త కూడా ఇక్కడే చేసిందండీ" అన్నారు. ఆ చీటీల్లో తల్లిరకం పేరు ఉంటుంది, తండ్రిరకం పేరు ఉంటుంది, ఈమె పేరు ఉండదు.

దాని తర్వాతిది ఓపిక. మొదటి తరం, రెండో తరం అంటూ ఆరేడు తరాలు ఏరుతూ పోవాలి. పొడుగు పెరిగి పడిపోయేవి తీసేయాలి, సుడిదోమ పురుగుకు లొంగేవి తీసేయాలి. నికరంగా నిలబడినవి దిగుబడి పరీక్షలకు, అక్కడ నెగ్గినవి రైతుల పొలాల్లో చిన్న విత్తన సంచులిచ్చి చేయించే ప్రయోగానికి. విడుదలయ్యేసరికి పదేళ్ళు దాటడం మామూలే. "నేను చేరినప్పుడు మొదలైన సంకరం ఇప్పుడు రైతు పొలంలో ఉంది. మరికొన్నిటి ఫలితం నా తర్వాతివాళ్ళు చూస్తారు" అన్నారు మేడమ్, మామూలు గొంతుతో.

స్వర్ణకు ఒక పెద్ద లోపం ముంపు. తుఫాను వచ్చి పొలం మునిగితే మామూలు వరి నీటిపైకి రావడానికి వేగంగా సాగుతుంది, సాగడంలో దాచుకున్న శక్తి అంతా ఖర్చయి చచ్చిపోతుంది. ఒడిశాకు చెందిన ఎఫ్.ఆర్.13ఎ అనే పాత రకం మరోలా చేస్తుంది: నీటి కింద కదలకుండా శక్తి దాచుకుని, నీరు తీశాక మళ్ళీ లేస్తుంది. ఆ గుణం ఇచ్చే జన్యువును గుర్తించి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థలో స్వర్ణలోకి చేర్చారు. అదే స్వర్ణ సబ్-1. 2009లో మన దేశంలో విడుదలైంది. రెండు వారాల దాకా ముంపు తట్టుకుంటుంది. మురుగుకాలువల్లో గుర్రపుడెక్క తీయని పాపానికి మొక్కకు ఊపిరి బిగపట్టడం నేర్పాల్సి వచ్చిందన్నమాట.

దాళ్వాకు (రబీకి) ఇక్కడి నుంచే వచ్చిన ఇంకొకటి వెయ్యి పది, అంటే ఎం.టి.యు. 1010. ఇది నాలుగు నెలల పంట. దాని అసలు పేరు కాటన్ దొర సన్నాలు. గుర్రం మీది విగ్రహాల కంటే ఈ గౌరవమే నాకు నచ్చింది. ఏటా పొలంలో మొలిచే పేరు కదా!

విత్తనాల కొట్టు దగ్గర ఇద్దరు రైతులు వాదించుకుంటున్నారు. ఒకరికి స్వర్ణ మీద నమ్మకం, ఎకరాకు ముప్పై బస్తాలు ఖాయమట. రెండో ఆయన పదకొండు ఇరవై ఒకటి (ఎం.టి.యు. 1121) అంటారు. వింటుంటే బ్యాంకు ఖాతా నంబర్లు చెప్పుకుంటున్నట్టుంది. ఇంట్లో ఏ బియ్యం తింటారని అడిగాను. ఇద్దరూ సన్నబియ్యమే. పండించేది బయటికి, తినేది మరొకటి. చక్కెర వ్యాధి ఇంటింటా ఉన్న ఈ ప్రాంతంలో రక్తంలోకి చక్కెరను నెమ్మదిగా వదిలే బియ్యాల్లో స్వర్ణ ఒకటని అంతర్జాతీయ పరీక్షలో తేలింది. ఆ మాట చెబితే పెద్దాయన, "లావు గింజండీ, పెళ్ళిలో వడ్డిస్తే నవ్వుతారు" అని కొట్టిపారేశారు.

శనివారం, భీమవరం

భీమవరం 2022 నుంచి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రం. కాలేజీ ప్రాంగణాలు, హోటళ్ళు, నగల దుకాణాలు, ఊరి చుట్టూ చెరువులు. వరి మడులు చేపల చెరువులయ్యాయి, చేపల చెరువులు రొయ్యల చెరువులయ్యాయి. టైగర్ రొయ్యను 1990లలో తెల్లమచ్చ వైరస్ దెబ్బతీసింది. 2009లో వనామీ అనే రొయ్య రకం వచ్చాక డబ్బు మళ్ళీ పారింది. గునుపూడి సోమేశ్వరుణ్ణి చూసుకుని ఊళ్ళోకి వచ్చాను.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న ఇక్కడే పుట్టారు. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల వ్యాధితో పోయారు. మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరి, అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925 నాటి ఆ పద్ధతి చాలాకాలం ప్రయోగశాలల్లో నిలిచింది. తర్వాత అమెరికా మందుల సంస్థ లెడర్లీలో ఆయన నడిపిన బృందాల నుంచి ఫోలిక్ ఆమ్లం వచ్చింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకు అది మందు. అక్కడి నుంచే క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, యాంటీబయాటిక్ ఆరియోమైసిన్, బోదకాలు పురుగును చంపే డి.ఇ.సి. వచ్చాయి. 1948లో, యాభై మూడేళ్ళకే పోయారు. ఊళ్ళో నలుగురిని అడిగాను. ఇద్దరికి పేరు తెలుసు, ఏం చేశారో చెప్పగలిగినవాళ్ళు లేరు. పరీక్షకు చదువుకునే ఒక అమ్మాయి మాత్రం గడగడా చెప్పింది.

మధ్యాహ్నం ఆక్వా ల్యాబులున్న వీధికి వెళ్ళాను. భీమవరంలో నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది ఇదే. చిన్న చిన్న గదులు, గాజుతలుపు, లోపల సూక్ష్మదర్శిని, ఫ్రిజ్, పరీక్ష పళ్ళాలు. బయట మోటారు సైకిళ్ళు. రైతులు సీసాల్లో చెరువు నీరు, కవర్లలో రొయ్యలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. ఉప్పదనం, క్షారత్వం, అమ్మోనియా, వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్ష. అన్నిటికంటే వాళ్ళు భయపడేది విబ్రియో అనే బ్యాక్టీరియాకు. పళ్ళెంలో పెంచితే ఆ సూక్ష్మజీవులు పసుపుపచ్చ చుక్కలుగానో ఆకుపచ్చ చుక్కలుగానో మొలుస్తాయి. ఆకుపచ్చవి ఎక్కువైతే ముఖాలు వాడిపోతాయి. "గ్రీన్ ఎంత?" అన్నదే అందరి ప్రశ్న. పదో తరగతి దాటని మనిషి ఇంత సూక్ష్మజీవశాస్త్రం మాట్లాడడం నేను ఇంకెక్కడా వినలేదు.

నా పక్కనున్న ఆయనకు గ్రీన్ ఎక్కువే వచ్చింది. "మందేమైనా వేయమంటారా?" అని అడిగాడు. ల్యాబు కుర్రాడు తల అడ్డంగా ఊపాడు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి సూక్ష్మజీవుల మందులు రొయ్యల్లో నిషేధం. అవశేషం దొరికితే ఎగుమతి కంటైనర్ వెనక్కి వస్తుంది. "మేత తగ్గించండి, నీరు మార్చండి, గాలి కొట్టే ఏరేటర్లు ఆపకండి. మూడు రోజుల తర్వాత మళ్ళీ తెండి."

సూక్ష్మజీవుల మందుల్లో తొలినాటి పెద్ద మందొకటి ఈ ఊళ్ళో పుట్టినాయన నడిపిన ల్యాబు నుంచే వచ్చిందని చెప్పాను. నా పక్కనున్న రైతుకు అది పట్టలేదు. బోదకాలు మాత్ర మాట చెప్పేసరికి ఇటు తిరిగాడు.

"ఇంటింటికీ తెచ్చి మింగమంటారే, అదా?"

"అదేనండి."

"అది మింగితే తల తిరుగుతుందండీ. మా ఆవిడ తీసుకున్నట్టే తీసుకుని కరివేపాకు కుండీలో పడేస్తుంది." కాసేపు ఆలోచించి, "ఆ కుండీ మాత్రం బాగా పెరిగింది లెండి" అని రిపోర్టు జేబులో పెట్టుకుని, మేత తగ్గించమని చెరువు దగ్గరున్న పనివాడికి ఫోను చేశాడు.